పావు కదుపుతూ పిల్లలు ఏమని లెక్కపెడుతున్నారు?

పోయిన శివరాత్రికి జాగరణ అని మా అమ్మ అటక మీంచి వైకుంఠపాళి పటం దింపింది. మా అక్క కూతురు రెండో తరగతి. దాని పావు 27లో ఉంది. పాచిక వేస్తే 4 పడింది. "ఒకటి, రెండు, మూడు, నాలుగు" అంటూ గళ్లు దాటించి పావును 31లో పెట్టింది. "ఇప్పుడు ఎక్కడున్నావే?" అని అడిగితే మళ్లీ పటం మీదికి వంగి, గడిలో రాసిన అంకె చూసి చెప్పింది. 27కి నాలుగు కలిపితే 31 అవుతుందన్న సంగతి దాని మనసులోకే రాలేదు. అరగంట నుంచి సంఖ్యల పటం మీద ఆడుతోంది, ఆ అరగంటలో ఒక్క కూడిక కూడా చేయలేదు.

అప్పుడు ఆటలో ఒకే ఒక్క మార్పు చేశాం. పావు కదిపేటప్పుడు ఒకటి, రెండు అనకూడదు. ఏ గడి మీద పెడుతున్నామో ఆ గడి సంఖ్యనే పైకి పలకాలి. 27 నుంచి నాలుగు అంటే "ఇరవై ఎనిమిది, ఇరవై తొమ్మిది, ముప్ఫై, ముప్ఫై ఒకటి." మొదట నాలుక తడబడింది. 39 దాటగానే ఆగిపోయి నా మొహం చూసింది. ఓ పది పందేలు అయ్యేసరికి మాత్రం పావు కదపకముందే "45కి వెళ్తాను, అక్కడ పాముంది పిన్నీ" అనడం మొదలుపెట్టింది. పటం అదే, పాచికా అదే. నోటితో అనే మాట మారింది, అంతే.

ఈ కిటుకు మా ఇంట్లో పుట్టింది కాదు. ఎలిడా లాస్కీ, రాబర్ట్ సీగ్లర్ అనే అమెరికన్ పరిశోధకులు 2014లో సరిగ్గా ఈ తేడానే పరీక్షించారు. వందదాకా సంఖ్యలున్న పటం మీద చిన్నపిల్లలను రెండు రకాలుగా ఆడించారు. కొందరు ప్రతి పందేనికీ ఒకటి నుంచి లెక్కపెట్టారు. మిగిలినవాళ్లు ఉన్న చోటి నుంచి ముందుకు లెక్కపెట్టారు. సంఖ్యలను గుర్తుపట్టడంలో, ఏ సంఖ్య ఎంత పెద్దదో అంచనా వేయడంలో రెండో రకం పిల్లలు బాగా ముందుకు వెళ్లారు. మొదటి రకం వాళ్లు అదే ఆట ఆడి కూడా అంత లాభం పొందలేదు.

గణితాన్ని ఆటలతో నేర్పాలని ఇప్పుడు అందరూ అంటున్నారు. 2020 జాతీయ విద్యా విధానం అంది, చిన్న తరగతుల్లో చదవడం, లెక్కలు గట్టిపరచడానికి 2021లో మొదలైన నిపుణ్ భారత్ కార్యక్రమం అంది, ఫోన్‌లో యాప్‌లు అమ్మేవాళ్లూ అదే అంటున్నారు. ఆడించాలా వద్దా అన్న దాంట్లో నాకు అనుమానమేమీ లేదు, తప్పకుండా ఆడించాలి. కానీ "గణితం ఆట" అని పేరు పెట్టినంత మాత్రాన ఏ ఆటా గణితం నేర్పదు. ఆటలో పిల్లల చెయ్యి, కన్ను, నోరు, బుర్ర ఏ పని చేస్తున్నాయో ఆ పనే వాళ్లకు వస్తుంది. ఎంచుకునే ముందు మనం చూడాల్సింది అదొక్కటే, మనం ఎక్కువగా చూడనిదీ అదే.

సీగ్లర్, గీతా రమణి కలిసి 2008లో ప్రచురించిన మరో అధ్యయనం చూడండి. అమెరికాలో పేద కుటుంబాల పిల్లలు, ఇంకా బడి మొదలుకాని వయసు. వాళ్లకు ఒక వరసలో 10 గళ్లున్న పటం ఇచ్చారు. కొందరికి గళ్లలో 1 నుంచి 10 దాకా సంఖ్యలు ఉన్నాయి, మిగతా పిల్లలకు సంఖ్యల బదులు రంగులు ఉన్నాయి. రెండు వారాల్లో నాలుగుసార్లు, ప్రతిసారీ పావుగంట పైచిలుకు ఆడించారు. సంఖ్యల పటం ఆడినవాళ్లు లెక్కపెట్టడంలో, రెండు సంఖ్యల్లో ఏది పెద్దదో చెప్పడంలో మెరుగయ్యారు. తొమ్మిది వారాల తర్వాత చూసినా అది పోలేదు. రంగుల పటం ఆడినవాళ్లలో ఆ మార్పు రాలేదు. కారణం ఆలోచిస్తే సులువుగానే అర్థమవుతుంది. వరస పటం మీద 8కి చేరాలంటే 4కి చేరడానికి పట్టినదానికి రెట్టింపు గెంతులు వేయాలి, రెట్టింపు దూరం జరగాలి, రెట్టింపు మాటలు పలకాలి. "ఎనిమిది" అనే మాటకు ఒక పొడవు వస్తుంది. అదే పటాన్ని గుండ్రంగా గీసి ఆడిస్తే అంత ఫలితం రాలేదని మరుసటి ఏడాది వాళ్లే చూపించారు. గుండ్రటి పటంలో 10 మళ్లీ 1 పక్కకే వచ్చి కూర్చుంటుంది కదా.

ఇక్కడ తెలుగు పిల్లలకు ఒక మంచి సౌకర్యం ఉంది. మన సంఖ్యల పేర్లలో కట్టుబడి బయటికి కనిపిస్తుంది. పదమూడు అంటే పది, మూడు. ముప్ఫై ఒకటి అంటే ముప్ఫై, ఒకటి. అందుకే ఇంగ్లిష్ మీడియంలో చదివే పిల్లలనైనా ఈ ఆటలో తెలుగులోనే లెక్కపెట్టమంటాను. పదుల స్థానం, ఒకట్ల స్థానం అని బోర్డు మీద చెప్పేముందే నోటికి వాటి రుచి తెలుస్తుంది. రెండు భాషల్లోనూ చెప్పగలిగితే ఇంకా మంచిది.

మరి మన అష్టాచెమ్మా సంగతి? దాని గళ్లలో సంఖ్యలే ఉండవు. ఐదు వరసలు, ఐదు నిలువులు, 25 గళ్లు. బయట 16 గళ్లు, లోపల 8 గళ్లు, నడిమధ్య గడిలో కాయ పండాలి. పైన చెప్పిన లెక్క ప్రకారం ఇది సంఖ్యల పొడవు నేర్పే ఆట కాదు. నిజమే, ఆ పనికి ఇది పనికిరాదు. ఇందులో దాగిన గణితం వేరే చోట ఉంది, అది గవ్వల్లో ఉంది.

నాలుగు గవ్వలు వేస్తాం. ఎన్ని వెల్లకిలా పడితే అన్ని గళ్లు. నాలుగూ వెల్లకిలా పడితే చెమ్మా, అంటే 4. నాలుగూ బోర్లా పడితే అష్టా, అంటే 8. చెమ్మా, అష్టా పడితే ఇంకో పందెం కూడా వేసుకోవచ్చు. వాటికే ఎందుకంత మర్యాద? ఒక్కో గవ్వ రెండు రకాలుగా పడగలదు. నాలుగు గవ్వలకు 2×2×2×2, అంటే 16 రకాలు. ఆ 16లో చెమ్మాకు దారి ఒక్కటే, అష్టాకు దారి ఒక్కటే. ఒకటి పడటానికి నాలుగు దారులు, మూడు పడటానికి నాలుగు. రెండు పడటానికి మాత్రం ఆరు దారులున్నాయి. కాబట్టి ఎదుటివాళ్ల కాయ మన కాయకు రెండు గళ్లు వెనక ఉంటే ఒక్క పందెంలో చచ్చే ప్రమాదం 16లో ఆరు. నాలుగు గళ్లు వెనక ఉంటే 16లో ఒకటే. ఇది ఎవరూ చెప్పకపోయినా, ఏళ్ల తరబడి ఆడిన ఆడవాళ్లు రెండు గళ్ల దూరంలో కాయను నిలపరు. వాళ్ల చేతికి తెలిసిన ఆ జాగ్రత్తకు పుస్తకంలో సంభావ్యత అని పేరు.

ఆ 1, 4, 6, 4, 1 వరసను ఒకసారి మళ్లీ చూడండి. గవ్వ వెల్లకిలా పడితే గురువు, బోర్లా పడితే లఘువు అనుకోండి. నాలుగు అక్షరాల పాదంలో గురులఘువులను ఎన్ని రకాలుగా పేర్చవచ్చు అన్నదీ ఇదే లెక్క. నాలుగూ గురువులైనవి 1, మూడు గురువులున్నవి 4, రెండున్నవి 6, ఒకటున్నవి 4, అసలు లేనివి 1. పింగళుడి ఛందశ్శాస్త్రానికి 10వ శతాబ్దంలో వ్యాఖ్యానం రాసిన హలాయుధుడు ఈ వరసలను ఒకదాని కింద ఒకటి పేర్చి మేరు ప్రస్తారం అని వివరించాడు. లెక్కల పుస్తకాల్లో మనం పాస్కల్ త్రిభుజం అని చదువుకున్నది ఇదే. తెలుగు పీరియడ్‌లో గణవిభజన చేసి, తర్వాతి పీరియడ్‌లో సంభావ్యత చదివే హైస్కూలు పిల్లలకు ఈ రెండూ ఒకటేనని చెప్పే పెద్దవాళ్లు ఎందుకు తక్కువో నాకు ఎప్పుడూ బాధే. నాలుగు గవ్వలు చేతిలో పెట్టి ఆ మాట చెప్పడానికి పది నిమిషాలు చాలు.

ఒక చిన్న ప్రయోగం కూడా చెబుతాను. నాలుగు గవ్వలను 160 సార్లు వేయించండి, ఒక్కో పందెం ఎన్నిసార్లు పడిందో గీతలు గీయించండి. గవ్వ రెండు వైపులా సమానంగా పడేదైతే ఒకట్లు 40, రెండ్లు 60, మూడ్లు 40, చెమ్మాలు 10, అష్టాలు 10 దగ్గర్లో రావాలి. నిజం గవ్వకు ఒకవైపు మూపు, ఒకవైపు నోరు ఉంటాయి కాబట్టి సరిగ్గా అలా రాకపోవచ్చు. ఒకవైపు అరగదీసిన చింతగింజలతో వేస్తే ఇంకోలా రావచ్చు. ఎందుకు తేడా వచ్చిందని పిల్లలు అడిగితే, వాళ్లు అప్పటికే గణితంలో చాలా లోపలికి వెళ్లినట్టు.

ఇప్పటిదాకా చెప్పింది చదివి, మంచి ఆట ఎంచుకుంటే సరిపోతుంది అనిపించవచ్చు. నేనూ అలాగే అనుకునేదాన్ని. నా అభిప్రాయం మార్చింది ఢిల్లీలో జరిగిన ఒక పెద్ద ప్రయోగం. మోయిరా డిల్లన్, ఎలిజబెత్ స్పెల్కీ, ఎస్తర్ డఫ్లో తదితరులు పిల్లల చదువు మీద పనిచేసే ప్రథమ్ సంస్థతో కలిసి చేసిన ఆ ప్రయోగం 2017లో సైన్స్ పత్రికలో వచ్చింది. బడికి ముందు తరగతుల్లో ఉన్న 1,500 మందికి పైగా పిల్లలు అందులో ఉన్నారు. కొందరితో నాలుగు నెలలపాటు గణితం ఆటలు ఆడించారు. చుక్కల గుంపులు చూపించి ఏది ఎక్కువో చెప్పమనడం, ఆకారాల్లో తేడాగా ఉన్నదాన్ని పట్టుకోమనడం లాంటివి. పిల్లలు ఇష్టంగా ఆడారు. వాళ్ల సహజమైన అంచనా శక్తి పెరిగింది, ఏడాది దాటినా నిలిచింది. కానీ ఒకటో తరగతికి వెళ్లాక బడి లెక్కల్లో వాళ్లు మిగతా పిల్లలకన్నా ముందు లేరు. ఆటలో వచ్చింది ఆటలోనే ఉండిపోయింది. ఎందుకంటే ఆ ఆటల్లో ఎక్కడా 7 అనే అంకె, కూడిక గుర్తు, సమానం గుర్తు లేవు. బడి లెక్క అంతా నడిచేది ఆ గుర్తులతోనే.

బడి లెక్కకూ బయటి లెక్కకూ మధ్య ఉన్న ఈ గోడ అవతలి వైపు నుంచి ఎలా ఉంటుందో 2025లో నేచర్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూపించింది. అభిజిత్ బెనర్జీ, డఫ్లో, వాళ్ల సహచరులు కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో సరుకులు అమ్మే పిల్లలను 1,400 మందికి పైగా పరీక్షించారు. కిలో ఇంత అంటే ముప్పావు కిలో ఎంత, రెండు సరుకులకు కలిపి ఎంత, నోటు ఇస్తే చిల్లర ఎంత ఇవ్వాలి, ఇవన్నీ ఆ పిల్లలు కాగితం లేకుండా చకచకా చెప్పారు. అంతకన్నా తేలికైన భాగహారం, తీసివేత బడి పుస్తకంలో ఉన్నట్టు కాగితం మీద రాసిస్తే చాలామంది చేయలేకపోయారు. మార్కెట్ పని చేయని బడి పిల్లలది దీనికి తిరగబడ్డ కథ. కాగితం మీద చేయగలిగినవాళ్లు బేరం లెక్క దగ్గర తడబడ్డారు. రైతుబజారులో తల్లి పక్కన కూర్చుని కూరలు తూచే పిల్లవాడిని చూసి "వీడికి లెక్కలు రావు" అని ప్రోగ్రెస్ కార్డులో రాసినప్పుడు, నిజానికి రానిది ఏమిటో ఎవరూ చూడటం లేదు. వాడికి లెక్క వచ్చు. ఆ లెక్కను కాగితం మీదికి తెచ్చే దారి రాదు. అది ఎవరో ఒకరు చూపించాల్సిన దారి. దానంతటదే ఏర్పడుతుందని వదిలేయడం ఆ పిల్లల పట్ల మనం చేస్తున్న అన్యాయం.

ఆ దారి ఎలా వేయాలో నాకు మా అమ్మమ్మ వామనగుంటల పీట దగ్గర అర్థమైంది, అదీ చాలా ఆలస్యంగా. రెండు వరసలు, వరసకు ఏడు గుంటలు. మా ఇంట్లో గుంటకు ఐదు గింజలు వేసేవాళ్లం, మొత్తం 70. ఒక గుంటలో గింజలన్నీ తీసి పక్క గుంటల్లో ఒక్కొక్కటి వేసుకుంటూ పోవాలి. అమ్మమ్మ గుంటలోకి తొంగిచూసి, గింజలు ముట్టుకోకుండానే ఆఖరి గింజ ఎక్కడ పడుతుందో చెప్పేది. ఆట ముదిరాక ఎప్పుడైనా ఒక గుంట బాగా నిండేది. "పదిహేనున్నాయి, అంటే ఒకటున్నట్టే" అనేది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు. 14 గుంటలు చుట్టి వస్తే 14వ గింజ బయలుదేరిన గుంటలోనే పడుతుంది. 15వది దాని పక్క గుంటలో పడుతుంది. ఒక్క గింజ ఉన్నా పడేది అక్కడే. గడియారంలో 15 గంటలంటే 3 అన్నట్టే ఇది. ఇవాళ బుధవారమైతే 15 రోజుల తర్వాత గురువారం అవుతుందన్నదీ ఇదే లెక్క, అక్కడ ఏడు, ఇక్కడ 14. కాలేజీలో ఇదే విషయం శేషాల గణితం పేరుతో వచ్చినప్పుడు నేను బట్టీ పట్టాను. పీట మీద పదేళ్లు చూసినదే అది అని నాకు తట్టలేదు. ఎవరైనా ఒక్కసారి, ఒక్క కాగితం మీద, 15 = 14 + 1 అని రాసి పీట పక్కన పెట్టి ఉంటే ఎంత బాగుండేది.

అందుకే ఇప్పుడు పిల్లలతో ఆడేటప్పుడు పక్కన ఒక నోట్‌బుక్ పెట్టుకుంటాను. ప్రతి పందేనికీ కాదు, అలా చేస్తే ఆట చచ్చిపోతుంది. ఆటకు రెండు మూడుసార్లు, పిల్లలు ఏదో ముందే ఊహించి చెప్పినప్పుడు "ఎలా తెలిసింది?" అని అడిగి, వాళ్లు చెప్పింది అంకెల్లో రాయమంటాను. 27 + 4 = 31. 70 - 38 = 32, అంటే నాకు 38 గింజలొస్తే నీ దగ్గరున్నవి లెక్కపెట్టక్కర్లేదు. రాసిన వరస వాళ్లు ఇప్పుడే చేసిన పని గురించే కాబట్టి అది పరాయిగా ఉండదు.

ఫోన్ ఆటలకూ ఇదే కొలత. మా అక్క కూతురి చేతికి ఇచ్చిన ఒక యాప్‌లో కూడిక చేస్తే ఒక బెలూన్ పగులుతుంది, నక్షత్రాలు రాలతాయి, తర్వాత ఒక కారు కాసేపు పరిగెత్తుతుంది. పిల్లకు కారు నచ్చింది. కూడిక కారుకు మధ్యలో అడ్డంగా నిలబడ్డ పని అయిపోయింది, కాబట్టి తొందరగా ఏదో ఒకటి నొక్కడం నేర్చుకుంది. దానికి తోడు తెర పైన టైమర్. టైమర్ చూడగానే దానికి టెన్షన్, ఆ టెన్షన్‌లో వేళ్ల మీద లెక్కపెట్టుకోవడం కూడా మానేసింది. ఇందులో పిల్ల తప్పేమీ లేదు. ఆ ఆటలో గణితం లోపల లేదు, వాకిట్లో కాపలా కాస్తోంది.

లోపల ఉంటే ఏమవుతుందో బ్రిటన్‌లో జేకబ్ హాబ్‌గుడ్, షారన్ ఐన్స్‌వర్త్ 2011లో చూపించారు. వాళ్లు వాడిన జోంబీ డివిజన్ అనే ఆటలో అస్థిపంజరాల ఛాతీ మీద సంఖ్యలుంటాయి. ఒక్కో దెబ్బకు ఒక్కో సంఖ్య ఉంటుంది, ఛాతీ మీది సంఖ్యను శేషం లేకుండా భాగించే దెబ్బ కొడితేనే అస్థిపంజరం కూలుతుంది. అదే ఆటకు ఇంకో రూపం చేసి, అందులో పోరాటం మామూలుగా ఉంచి, భాగహారం ప్రశ్నలను ప్రతి దశ చివర విడిగా అడిగారు. ప్రశ్నలు రెండిట్లోనూ అవే. భాగహారం పోరాటంలోనే కలిసిపోయిన రూపం ఆడిన పిల్లలు ఎక్కువ నేర్చుకున్నారు. ఏది కావాలంటే అది ఆడుకోండి అని వదిలేస్తే ఆ రూపం మీదే ఏడు రెట్లు ఎక్కువ సేపు గడిపారు. కాబట్టి యాప్ కొనేముందు పిల్ల ఆడుతుంటే పక్కన ఓ ఐదు నిమిషాలు కూర్చోండి. గణితం తీసేస్తే ఆట మిగులుతుందా అని చూడండి. మిగిలితే అది గణితం ఆట కాదు.

పజిల్స్‌లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఏ పరికరమూ అడగదు. నాసిక్ దగ్గర దేవ్‌లాలీలో బడి పంతులుగా పనిచేసిన దత్తాత్రేయ రామచంద్ర కాప్రేకర్ 1949లో బయటపెట్టిన సంగతి అది. అన్నీ ఒకే అంకె కాని ఏదైనా నాలుగంకెల సంఖ్య తీసుకోండి. అంకెలను పెద్ద నుంచి చిన్నకు పేర్చి ఒక సంఖ్య, చిన్న నుంచి పెద్దకు పేర్చి ఒక సంఖ్య రాయండి. పెద్దదాంట్లోంచి చిన్నది తీసేయండి. వచ్చినదాంతో మళ్లీ అదే చేయండి. ఎక్కడ మొదలుపెట్టినా ఏడు మెట్లు దాటకుండా 6174కి వచ్చి ఆగుతుంది.

మా అక్క కొడుకు ఆరో తరగతి, అప్పు తెచ్చుకునే తీసివేతలంటే వాడికి పడదు. అదే జాగరణ రాత్రి వాడికి ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన 1956 ఇచ్చాను. 9651 - 1569 = 8082. 8820 - 0288 = 8532. 8532 - 2358 = 6174. మూడు మెట్లు. "తెలంగాణ వచ్చిన సంవత్సరంతో చేస్తా" అని 2014 తీసుకున్నాడు. 4086, 8172, 7443, 3996, 6264, 4176, ఆఖరికి 6174. సరిగ్గా ఏడు మెట్లు, అంటే ఉన్నవాటిలో అతి పొడవైన దారి. మధ్యలో ఒకచోట అప్పు మరిచి తప్పు చేశాడు. నేను చెప్పలేదు. వచ్చిన ప్రతి సంఖ్యలోనూ అంకెలు కూడితే తొమ్మిది గుణిజం రావాలని మాత్రం ముందే చెప్పి ఉంచాను, వాడే కూడి చూసుకుని వెనక్కి వెళ్లి దిద్దుకున్నాడు. హోంవర్క్‌లో ఏడు తీసివేతలిస్తే పుస్తకం మూసేవాడు, ఇక్కడ ఏడూ వరసగా చేశాడు. అప్పు తెచ్చుకోవడం తీసేస్తే ఈ ఆటలో మిగిలేదేమీ లేదు.

తర్వాత వాడే అడిగాడు, "2222తో చేస్తే?" చేసి చూశాడు, సున్నా. అందుకే ఆ షరతు పెట్టారన్నమాట అన్నాడు. ఇంకాసేపటికి, "ఐదంకెలైతే దేనికి వస్తుంది పిన్నీ?" అన్నాడు. చేసి చూడమన్నాను. 12345తో మొదలుపెట్టాడు. 41976 వచ్చింది. తర్వాత 82962, 75933, 63954, 61974. దాని తర్వాత మళ్లీ 82962. పెన్ను కింద పెట్టి కాగితాన్ని కాసేపు చూశాడు. "ఇది ఆగదు, ఇక్కడే తిరుగుతుంది" అన్నాడు. తెల్లవారుజామున మూడున్నరకు చెల్లెలిని లేపి, వామనగుంటల పీటలా గుండ్రంగా తిరిగే సంఖ్యలు దొరికాయని చెబుతున్నాడు.